మత్స్యకన్యను జపాన్ తీరానికి తీసుకెళ్లాలంటే ఏ జానపద కథ నప్పుతుంది?

రెండేళ్ల కిందట డెన్మార్క్ రచయిత అండర్సన్ మత్స్యకన్య కథను జపాన్‌లో జరిగినట్టు తిరగరాశాను. సముద్రపు రాజు చిన్న కూతురికి కిమోనో కట్టాను. రాకుమారుణ్ణి సమురాయ్‌ని చేశాను. ఆఖర్న ఆమె నురగైపోయే చోట చెర్రీ పూలు రాల్చాను. అది చదివిన స్నేహితురాలు ఒక్కటే అడిగింది: "ఈ కిమోనో తీసేసి పట్టుచీర కడితే కథలో ఏం మారుతుంది?" ఆలోచిస్తే ఏమీ మారదు. నేను బట్టలు మార్చాను, కథను మార్చలేదు.

అప్పటినుంచి జపాన్ జానపద కథలు దొరికినంతవరకు చదువుతూ వచ్చాను. వేరే లోకపు ఆడమనిషి వచ్చి మనిషితో కాపురం చేసే కథలు అక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ కోవ కథలకు వాళ్లు పెట్టుకున్న పేరు 'ఇరుయి కొనిన్', అంటే వేర్వేరు జాతుల మధ్య పెళ్లి. కొంగ భార్యగా వస్తుంది, నక్క వస్తుంది, మంచు వస్తుంది, సముద్రపు దేవుడి కూతురు వస్తుంది. మన మత్స్యకన్యను వీటిలో ఏ కథలో నాటితే వేరు పట్టుకుంటుంది? ఇలాంటి ప్రయత్నమే చేయాలనుకునేవాళ్ల కోసం ఐదు కథలను పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తోచినంత చెబుతాను.

ముందు మూలకథ కీళ్లు

కీలెరిగి వాత పెట్టాలంటారు. పెళ్లితో ముగిసే కార్టూన్ రూపమే మనలో చాలామందికి తెలుసు. 1837లో డెన్మార్క్‌లో అచ్చయిన అసలు కథ అలా ఉండదు. అందులో సముద్రపు జాతి 300 ఏళ్లు బతికి, చివరికి నీటి మీద నురగైపోతుంది. వాళ్లకు ఆత్మ ఉండదు. మనిషి ఒకడు మనసారా ప్రేమించి పెళ్లాడితేనే ఆత్మ దక్కుతుంది. చిన్న రాకుమారి కాళ్ల కోసం నాలుక కోయించుకుంటుంది. వేసే ప్రతి అడుగూ కత్తి మీద నడిచినట్టే ఉంటుంది. ఆమె కాపాడిన రాకుమారుడు, తనను కాపాడింది వేరే అమ్మాయి అనుకుని ఆ అమ్మాయిని పెళ్లాడతాడు. అక్కలు తమ జుట్టు ఇచ్చి కత్తి తెస్తారు. తెల్లారేలోగా ఆ కత్తితో అతన్ని పొడిస్తే ఆమె మళ్లీ మత్స్యకన్య అవుతుంది. ఆమె కత్తిని సముద్రంలోకి విసిరేసి తనూ దూకేస్తుంది. అయితే నురగతో ఆగిపోదు. గాలి కన్యల్లో ఒకతై, మరో 300 ఏళ్లు మంచి పనులు చేస్తే ఆత్మ దక్కుతుందనే ఆశ ఆమెకు మిగులుతుంది.

నా లెక్కలో ఇందులో ఐదు కీళ్లున్నాయి: పోయిన గొంతు, ఒంటి నొప్పి, రెండో అమ్మాయి, చేతిలో కత్తి, దక్కని ఆత్మ. ఒక్కో జపాన్ కథ వీటిలో ఒక్కో కీలు దగ్గర బాగా అతుకుతుంది. ఐదూ కలిసొచ్చే కథ ఒక్కటీ నాకు కనిపించలేదు. అందుకే ఎంపిక 'చేప తోక ఎక్కడుంది' అనే వెతుకులాటతో మొదలు కాకూడదు. 'మూలకథలో నన్ను నిద్రపోనివ్వని చోటు ఏది' అనే ప్రశ్నతో మొదలు కావాలి.

ఇంకో తేడా కూడా ముందే పట్టుకోవాలి. ఐరోపా కథల్లో జంతువు రూపంలో ఉన్నవాడు చాలాసార్లు శాపం తగిలిన మనిషి. శాపం తీరితే పెళ్లి, సుఖాంతం. జపాన్ కథల్లో భార్యగా వచ్చింది నిజంగానే కొంగ, నిజంగానే నక్క. ఆ సంగతి బయటపడిన రోజు ఆమె వెళ్లిపోతుంది. పెళ్లి అక్కడ కథ మధ్యలో వస్తుంది, ఎడబాటు చివర్లో వస్తుంది. మనకిది కొత్త కాదు. ప్రశ్న అడగనన్నంత కాలమే గంగ శంతనుడి ఇంట ఉంది. అడిగిన రోజు వెళ్లిపోయింది. ఊర్వశి పురూరవుడికి పెట్టిన షరతూ అలాంటిదే. ఆ కథలు విన్న చెవులతో చదివితే జపాన్ కథల లయ మనకు త్వరగా పట్టుబడుతుంది.

నింగ్యో: పేరు కలుస్తుంది, కథ కలవదు

మత్స్యకన్య అనగానే అందరి చూపూ 'నింగ్యో' మీదికి పోతుంది. ఆ మాటకు అర్థమే మనిషి-చేప. కానీ జపాన్ నింగ్యో రాతి మీద కూర్చుని జుట్టు దువ్వుకునే అందగత్తె కాదు. 720లో పూర్తయిన 'నిహోన్ షోకి' అనే చరిత్ర గ్రంథంలో, 619వ సంవత్సరం కింద, వలలో పడిన ఒక ప్రాణి గురించి ఉంది. పసిబిడ్డలా ఉందట, చేపా కాదట, మనిషీ కాదట. ఆ తర్వాతి కాలాల్లో నింగ్యో కనబడటం చాలా చోట్ల అపశకునం. ప్రేమలో పడే నింగ్యో పాత కథల్లో నాకు తగల్లేదు.

అయితే నింగ్యో చుట్టూ అల్లుకున్న గొప్ప కథ ఒకటుంది. వకస ప్రాంతంలో ఒకాయన విందుకు వెళ్లి, అక్కడ వడ్డించిన వింత మాంసం తినకుండా ఇంటికి తెస్తాడు. అది నింగ్యో మాంసం. తెలియక అతని కూతురు తింటుంది. ఇక ఆమెకు వయసు పెరగదు. భర్తలు పోతారు, తెలిసినవాళ్లు పోతారు, ఆమె మాత్రం పడుచుగానే ఉండిపోతుంది. సన్యాసం పుచ్చుకుని, ఊరూరా తిరుగుతూ కమేలియా మొక్కలు నాటి, చివరికి సొంత ఊరు చేరి ఒక గుహలోకి వెళ్లి తనువు చాలిస్తుంది. ఆమె పేరు హప్యకు బికుని, అంటే ఎనిమిది వందల ఏళ్ల సన్యాసిని. 'బికుని' మన భిక్షుణే. బౌద్ధంతో పాటు సముద్రాలు దాటి వెళ్లిన మాట అది. ఆ గుహ ఫుకుయి ప్రాంతంలోని ఒబమ ఊళ్లో, కూఇంజి గుడి దగ్గర ఉంది. అలాంటి సన్యాసిని క్యోటోకు వచ్చిందని 1449 నాటి దినచర్య పుస్తకాల్లో కూడా రాశారు.

ఇది అండర్సన్ కథకు అద్దం పట్టి తిప్పినట్టుంటుంది. అక్కడ 300 ఏళ్ల బతుకు వదిలేసి మనిషి కావాలనుకునే చేప ఉంది, ఇక్కడ చేపను తిని మనుషుల్లోంచి జారిపోయిన అమ్మాయి ఉంది. మీకు బాధ పెట్టేది ఆత్మ అనే కీలైతే, 'ఎంతకాలం బతికితే చాలు' అనే ప్రశ్నైతే, ఇదే మీ కథ. ప్రేమకథ రాయాలనుకుంటే మాత్రం దీన్ని ముట్టుకోకండి. సన్యాసిని నోట ప్రేమ మాటలు పెడితే రెండు కథలూ చెడతాయి.

ఆత్మ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో దారి కూడా చూపిస్తాను. 'సద్ధర్మ పుండరీక సూత్రం' జపాన్ బౌద్ధులకు చాలా ముఖ్యమైన గ్రంథం. అందులో సాగరుడనే నాగరాజుకు ఎనిమిదేళ్ల కూతురు ఉంటుంది. ఆడపిల్ల, పైగా నాగజాతి, దానికి బుద్ధత్వం ఎలా వస్తుందని పెద్దలు సందేహిస్తారు. ఆ పిల్ల బుద్ధుడి చేతిలో ఒక మణి పెట్టి, 'ఈ మణి ఇచ్చి పుచ్చుకున్నంత సేపు కూడా పట్టదు' అన్నట్టుగా అందరి ముందూ బుద్ధత్వం పొందుతుంది. సముద్రపు రాజు కూతురికి ముక్తి ఉందా అని అండర్సన్ వేసిన ప్రశ్నకు ఎన్నో శతాబ్దాల ముందే ఉన్న జవాబు ఇది. మధ్యలో ఆమె మగ రూపం దాల్చినట్టు ఆ గ్రంథంలో ఉంది. ఇప్పటి రచయిత దాన్ని దాటవేయకుండా తేల్చుకోవాలి. మతగ్రంథం కాబట్టి జాగ్రత్తగా ముట్టుకోవాలి కూడా.

తొయొతమ-హిమె: సముద్రం కావాలంటే ఇదే

సముద్రాన్ని వదులుకోలేనివాళ్లకు నేను చెప్పే మొదటి కథ ఇది. 712 నాటి 'కొజికి' అనే జపాన్ పురాణ గ్రంథంలో ఉంది. అన్న దగ్గర అరువు తెచ్చుకున్న గాలాన్ని తమ్ముడు హోరి సముద్రంలో పోగొట్టుకుంటాడు. తన కత్తిని విరిచి 500 గాలాలు చేసి ఇస్తాడు, తర్వాత 1,000 ఇస్తాడు. అన్న ఒప్పుకోడు, నా గాలమే నాకు కావాలంటాడు. ఒడ్డున ఏడుస్తున్న హోరిని చూసి ఉప్పునీటి దేవుడు సందుల్లేకుండా అల్లిన వెదురు పడవలో ఎక్కించి, సముద్ర దేవుడి ఇంటికి పంపిస్తాడు. అక్కడి కూతురే తొయొతమ-హిమె. పెళ్లవుతుంది, మూడేళ్లు గడుస్తాయి. గాలం ఒక ఎర్ర చేప గొంతులో దొరుకుతుంది. హోరి నేల మీదికి వెళ్లిపోతాడు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. తొయొతమ నెలలు నిండి ఒడ్డుకు వస్తుంది. నీ బిడ్డ సముద్రంలో పుట్టకూడదని వచ్చానంటుంది. ఒడ్డున నీటికాకి ఈకలతో పురిటి గుడిసె కప్పడం మొదలుపెడతారు. కప్పు పూర్తి కాకముందే నొప్పులు వస్తాయి. 'వేరే లోకంవాళ్లం కనేటప్పుడు మా సొంత రూపానికి వస్తాం, నన్ను చూడొద్దు' అని మొగుడికి చెబుతుంది. అతను తొంగి చూస్తాడు. లోపల పెద్ద 'వని' ఒకటి నేల మీద పొర్లుతూ ఉంటుంది. వని అంటే సొర చేప అని కొందరు, మొసలి అని కొందరు అంటారు. 'నిహోన్ షోకి' ప్రధాన పాఠంలో అదే చోట డ్రాగన్ ఉంటుంది. ఆమె సిగ్గుతో బిడ్డను ఒడ్డున వదిలి, సముద్రపు దారి మూసేసి వెళ్లిపోతుంది. కానీ బిడ్డ మీద బెంగ తీరదు. పాలిచ్చి పెంచడానికి చెల్లెలిని పంపిస్తుంది, ఆమె చేతికి మొగుడి కోసం ఒక పాట ఇస్తుంది. ఆ బిడ్డ పేరులోనే 'నీటికాకి ఈకల కప్పు పూర్తి కాలేదు' అన్న అర్థం ఉంది. అతని కొడుకే జపాన్ మొదటి చక్రవర్తి జిమ్ము అని ఆ గ్రంథాలు చెబుతాయి.

మూలకథతో పోల్చి చూడండి. నీటి నుంచి నేలకు రావడం ఉంది, ఒంటి నొప్పి ఉంది. అండర్సన్ అడుగడుగునా కత్తులు అని రాసిన నొప్పికి ఇక్కడ పురిటినొప్పి ఉంది. చెల్లెలు ఉంది, కత్తి తెచ్చిన అక్కల చోట ఆమె సరిపోతుంది. ముఖ్యమైన తేడా ఏమిటంటే తొయొతమ దీనురాలు కాదు. దారి తెరిచేదీ ఆమే, మూసేదీ ఆమే. గొంతు పోగొట్టుకుని మౌనంగా కరిగిపోయే అమ్మాయి మీకు నచ్చకపోతే, ఆమె చోట నిలబడగల మనిషి ఈమె.

ఇక ఇబ్బందులు. ఇది తాత అమ్మమ్మలు చెప్పుకునే కథ మాత్రమే కాదు, ఇప్పటికీ పూజలందుకునే దేవతల కథ. మియజకి ప్రాంతంలో సముద్రపు అంచున గుహలో ఉన్న ఉదొ జింగూ గుడి ఈ పురిటి కథతోనే ముడిపడి ఉంది. బిడ్డ కోసం తల్లి వదిలి వెళ్లిందని చెప్పే రొమ్ముల ఆకారపు రాళ్లు కూడా అక్కడ ఉన్నాయి. సీత కథను పరాయి దేశంవాళ్లు తిరగరాస్తే మనం ఎంత శ్రద్ధ ఆశిస్తామో అంత శ్రద్ధ మనమూ చూపాలి. రెండోది కాలం. ఇందులో సమురాయ్ ఉండడు, గీషా ఉండదు, కాగితపు తలుపులు ఉండవు. పూసలు, వెదురు, ఈకలు, బావి, చెట్టు ఉంటాయి. నాకు ఇదొక వరంలా అనిపించింది. పోస్టర్లలో చూసిన జపాన్‌ను వదిలేసి, నిజంగా కళ్లు తెరిచి చూడక తప్పదు.

కొంగ భార్య: చిన్నపిల్లలకైతే

గాయపడిన కొంగను ఒక పేదవాడు కాపాడతాడు. కొన్నాళ్లకు ఒక అమ్మాయి వచ్చి అతనికి భార్య అవుతుంది. నేను నేసేటప్పుడు గదిలోకి చూడొద్దంటుంది. ఆమె నేసిన బట్టకు మంచి ధర పలుకుతుంది, ఇంకోటి నెయ్యమంటాడు. చివరికి ఉండబట్టలేక తొంగి చూస్తే, ఒక కొంగ తన ఈకలు తనే పీక్కుని పేకలో పెట్టి నేస్తూ ఉంటుంది. పెళ్లి మాట వద్దనుకుని పిల్లల కోసం చెప్పే రూపంలో, భర్త బదులు ముసలి దంపతులు ఉంటారు, కొంగ వాళ్లకు కూతురవుతుంది. యమగత ప్రాంతం నన్యో ఊళ్లోని ఒక గుడి కూడా ఈ కథతో పుట్టిందే అంటారు.

ఒంటి నొప్పి అనే కీలుకు ఇంతకంటే సూటిగా అతికే కథ లేదు. మత్స్యకన్య నవ్వుతూ నాట్యం చేస్తుంటే కాళ్లలో కత్తులు దిగుతుంటాయి, ఎవరికీ తెలియదు. కొంగ నేస్తుంటే ఒళ్లు బోడి అవుతుంటుంది, ఎవరికీ తెలియదు. తెలుగులో రాసేవాళ్లకు ఇంకో మేలు కూడా ఉంది. పడుగు, పేక, నాడె అన్న మాటలు మన నేతగాళ్ల ఇళ్లలో రోజూ ఆడేవే. వాటిని అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఆరేడేళ్ల పిల్లలకు చదివి వినిపించడానికైతే నేను ఇదే ఎంచుకుంటాను.

ఒక్కటి మాత్రం చూసుకోవాలి. ఇక్కడ మనిషి జంతువును కాపాడతాడు, జంతువు ఆ రుణం తీర్చుకోవడానికి వస్తుంది. దాన్ని 'ఒంగఎషి' అంటారు. అండర్సన్ కథలో కాపాడింది ఆమె, రుణం అతనిది, అది అతనికి తెలియనే తెలియదు. ఎవరు ఎవరికి బాకీ అన్నది మొదటి పేజీలోనే తేల్చుకోకపోతే కథ రెండు వైపులా లాగుతుంది.

యుకి-ఒన్న: చేతిలో కత్తి

మంచు తుపానులో ఇద్దరు కట్టెలు కొట్టేవాళ్లు రేవు దగ్గరి గుడిసెలో తలదాచుకుంటారు. రాత్రి తెల్లటి ఆడమనిషి, యుకి-ఒన్న (అంటే మంచు స్త్రీ), వచ్చి ముసలివాడి మీద ఊపిరి ఊదుతుంది, అతను చచ్చిపోతాడు. పడుచువాడు మినొకిచిని చూసి జాలిపడి, ఈ సంగతి ఎవరికైనా చెప్పావో చంపేస్తానని వెళ్లిపోతుంది. తర్వాత అతను ఒయుకి అనే అమ్మాయిని పెళ్లాడతాడు, పదిమంది పిల్లలు పుడతారు. ఒక రాత్రి దీపం దగ్గర కుట్టుపని చేసుకుంటున్న భార్యను చూసి, 'నిన్ను చూస్తే ఎప్పుడో చూసిన ఒకామె గుర్తొస్తోంది' అంటూ ఆ రాత్రి సంగతి చెప్పేస్తాడు. ఆమె లేచి నిలబడుతుంది. అది నేనే, నిద్రపోతున్న ఈ పిల్లలు లేకపోతే ఈ క్షణమే నిన్ను చంపేదాన్నంటుంది. తెల్లటి పొగమంచై కరిగి, పొగగూటిలోంచి వెళ్లిపోతుంది. ప్రపంచానికి తెలిసిన ఈ రూపాన్ని జపాన్‌లో స్థిరపడిన రచయిత లఫ్కాడియో హెర్న్ 1904లో రాశాడు. ముసషి ప్రాంతపు చోఫు అనే పల్లె రైతు చెప్పగా విన్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ చోటు ఇప్పుడు టోక్యో పరిధిలోని ఒమె పట్టణంలో ఉంది.

మత్స్యకన్య కత్తి పట్టుకుని రాకుమారుడి మంచం దగ్గర నిలబడ్డ ఘట్టం నాకు మొత్తం కథలో ఎక్కువ ఇష్టం. చంపగలిగి చంపకపోవడం. యుకి-ఒన్న చేసేది సరిగ్గా అదే. ఆఖర్న ఒకరు నురగవుతారు, ఒకరు పొగమంచవుతారు. గొంతు మాత్రం తిరగబడింది. మౌనం షరతు ఇక్కడ మగవాడి మీద ఉంది. నన్నడిగితే ఇది తిరగరాతకు దొరికిన అదృష్టం. రెండు శతాబ్దాలుగా ఆ అమ్మాయినే మౌనంగా ఉంచాం, ఈసారి నోరు మూసుకోవాల్సిన బరువు అతను మోయనివ్వండి.

పెద్దవాళ్ల కోసం, పది పన్నెండు పేజీల్లో ముగిసే కథ రాయాలనుకుంటే ఇది బాగుంటుంది. నవలకు చాలదు, ఎందుకంటే బలమంతా రెండు రాత్రుల్లో ఉంది. మధ్య ఏళ్లను సాగదీస్తే మంచు నీరైపోతుంది.

కుజునొహ: రెండో అమ్మాయి

ఇదే నా మనసు పడ్డ కథ కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. వేటగాళ్లు తరుముతున్న తెల్ల నక్కను షినొద అడవిలో అబె నొ యసున అనే అతను కాపాడతాడు. ఆ గొడవలో దెబ్బలు తింటాడు. అతనికి ఇచ్చి చేయాలనుకున్న అమ్మాయి పేరు కుజునొహ. నక్క ఆమె రూపంలోనే వచ్చి అతనికి సేవ చేసి, భార్య అవుతుంది. కొడుకు పుడతాడు, ఐదారేళ్లు గడుస్తాయి. ఒకరోజు అసలు కుజునొహ తల్లిదండ్రులతో వాకిట్లోకి వస్తుంది. ఒకే ముఖంతో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు లోపల, ఒకరు గుమ్మం బయట.

లోపలున్న ఆమె ఎవరితోనూ పోట్లాడదు. నిద్రపోతున్న కొడుకుతో తను ఎవరో చెప్పుకుని, కాగితపు తలుపు మీద ఒక పద్యం రాసి వెళ్లిపోతుంది. 'నా మీద బెంగ పుడితే వెతుక్కుంటూ రా, ఇజుమిలోని షినొద అడవికి' అన్నది దాని సారం. చివర్న తన పేరు పెట్టి, ముందు 'ఉరమి' అన్న మాట వాడుతుంది. ఆ మాటకు వగపు అనే అర్థం ఉంది, వెనకవైపు చూడటం అనే అర్థమూ ఉంది. కుజు అనేది ఒక తీగ. గాలికి దాని ఆకులు తిరగబడితే తెల్లటి వెనకవైపు కనిపిస్తుంది. పద్యంలోని ఆ శ్లేషను తెలుగులోకి తేవాలని నేను చాలా ప్రయత్నించి వదిలేశాను. శ్లేషను అనువదించే కన్నా, గాలికి ఆకు తిరగబడటం ఒక్కసారి చూపించడం మేలు.

ఈ కథను 1734లో ఒసాకాలో బొమ్మలాటగా ఆడారు, తర్వాత కబుకి నాటకంలోకి వచ్చింది. కబుకిలో ఆ పద్యం రాసే ఘట్టానికి ప్రత్యేకమైన పేరుంది. నటుడు పిల్లవాణ్ణి ఎత్తుకునే రాస్తాడు. మొదట కుడి చేత్తో, తర్వాత ఎడమ చేత్తో, కొన్ని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి, చివరికి కుంచె నోట కరుచుకుని రాస్తాడు. చేతులు మనిషి చేతుల్లా ఉండటం మానేస్తున్నాయన్నమాట. ఆ కొడుకే 10వ శతాబ్దపు ప్రసిద్ధ జ్యోతిష్కుడు అబె నొ సేమెయి అని కథ చెబుతుంది.

మత్స్యకన్య కథలో రెండో అమ్మాయి నాకెప్పుడూ వెలితిగా అనిపించేది. పక్క రాజ్యపు రాకుమారి వస్తుంది, పెళ్లి చేసుకుంటుంది, అంతే. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఏమీ తెలియదు. కుజునొహ కథలో ఆ వెలితి తీరుతుంది. అసలు పెళ్లికూతురుకు ముఖం ఉంది, పేరు ఉంది, వాకిట్లో నిలబడ్డ బాధ ఉంది. నక్క ఆమె జీవితాన్ని అరువు తెచ్చుకుంది. ఇద్దరిదీ న్యాయమే. గొంతు అనే కీలు కూడా ఇక్కడ ఎంత బాగా కూర్చుంటుందో చూడండి. మాట్లాడలేని మత్స్యకన్యకు రాయడం వస్తే ఏం చేసి ఉండేది అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నక్క తల్లి రాసింది. నోటితో చెప్పలేని మాటను నోట కరిచిన కుంచెతో రాసింది.

నష్టం ఏమిటంటే సముద్రం పూర్తిగా పోతుంది. నురగ, కెరటాలు, పగడాలు ఏవీ మిగలవు. ఆ నష్టానికి సిద్ధపడలేకపోతే తొయొతమ దగ్గరికి వెళ్లండి. రెండూ కలిపితే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. నేను కలిపి చూశాను. సముద్రపు దేవుడి కూతురు తలుపు మీద పద్యం రాస్తుంటే, వెనక కెరటాలు, ముందు నక్క తోక, చదివేవాళ్లకు ఎవరి కోసం ఏడవాలో తెలియలేదు. ఒక మూలకథకు ఒక జానపద కథ చాలు.

ఎందరో అడిగే ఇంకో రెండు

ఉరషిమ తరో తాబేలును కాపాడి సముద్రపు మేడకు వెళ్లి, తిరిగొచ్చేసరికి నేల మీద ఎన్నో ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. చక్కటి కథ, కానీ అది కాలం గురించిన కథ. మత్స్యకన్యకు బదులు, నిద్రలో ఏళ్లు గడిచిపోయే కథ దేన్నయినా తిరగరాసేటప్పుడు దీన్ని గుర్తుంచుకోండి. ఇక హగొరొమొ, అంటే ఆకాశకన్య ఈకల వస్త్రం. మిహొ పైన్ తోపులో జాలరికి దొరుకుతుంది. దేవకన్య చీర దాచేయడం మన వెండితెర మీద కూడా చూశాం కాబట్టి, తెలుగు పాఠకుడు మన కథలోకే జారిపోతాడు. దాన్ని పక్కన పెట్టమనే నా సలహా.

ఎంచుకున్నాక

కథ ఏదైనా, కాలం ఒకటి ఖాయం చేసుకోండి. కొజికి కాలంలో కాగితపు తలుపు పెట్టకండి, యుకి-ఒన్న గుడిసెలోకి రాజసభ తేకండి.

పేర్ల విషయంలో తెలుగు లిపి మనకు గొప్ప ఆసరా. ఎ, ఏ, ఒ, ఓ తేడా మన దగ్గర ఉంది, జపనీస్ భాషలో కూడా హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు చూసి అన్నింటికీ దీర్ఘం పెట్టేయకుండా ఒకసారి విని రాయండి. వాళ్ల పేర్లూ మన మాటల్లాగే చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి విభక్తులు ఇట్టే అతుకుతాయి: తొయొతమకు, మినొకిచితో. 'హిమె' అంటేనే రాకుమారి, పక్కన మళ్లీ రాకుమారి అని రాయనక్కర్లేదు. కథకు ఒక్కో చోట రెండు మూడు జపాన్ మాటలు చాలు, మిగతాదంతా తెలుగే కావాలి.

మొదలుకు 'అనగనగా' హాయిగా వాడొచ్చు. వాళ్ల 'ముకషి ముకషి' చేసే పని అదే. ముగింపు దగ్గర ఆగండి. 'కథ కంచికి' అంటే కంచి అనే ఊరు వచ్చేస్తుంది. ఈశాన్య జపాన్ తోనొ పల్లెల్లో కథ అయిపోగానే 'దొందొ హరె' అంటారు. అలాంటి మాటను ఉంచేయొచ్చు, లేదా ఏ మాటా లేకుండా ఆపేయొచ్చు. ఎడబాటుతో ముగిసే కథకు నేను రెండోదే ఎంచుకున్నాను.

నా కథ ఇప్పుడు కుజునొహ మీదే నడుస్తోంది. సముద్రం వదిలేశాను. ఆమె ఎడమ చేత్తో రాసే చోటు వరకు అయింది. మొన్న అదే స్నేహితురాలికి పంపాను. ఈసారి ఆమె చీర గురించీ కిమోనో గురించీ అడగలేదు. "తెల్లారి పిల్లాడు లేచాక, తలుపు మీద రాసింది వాడికి ఎవరు చదివి వినిపించారు?" అని అడిగింది. ఆ పని అసలు కుజునొహ చేత చేయించాలని ఉంది. ఆ పేజీ ఇంకా రాయలేదు.